ఏ ట్రాక్టరు గట్టిది?

ఎద్దును కొనబోయే రైతు దాని జాతి పేరు విని తృప్తిపడడు. ఒంగోలు గిత్త అని అమ్మేవాడు ఎంత నొక్కి చెప్పినా, నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కాళ్లు చూస్తాడు. మెడమీద కాడి రాసిన చోట చేయి వేసి తడిమి చూస్తాడు. ఆ తరువాతనే బేరం మాట. అదే రైతు పాత ట్రాక్టరు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ నేర్పునంతా ఇంటిలో విడిచి బయలుదేరుతాడు. ‘ఏ కంపెనీ బండి గట్టిది?’ అని ఒక్క ప్రశ్న వేసి, వచ్చిన జవాబును నమ్మి, ఇల్లాలి నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్మును దానికి అప్పగిస్తాడు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానం ఉన్నదా, ఉంటే దానిని రాబట్టుకొనే మార్గమేమిటి అన్నది నేటి ప్రసంగ విషయం.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత బ్రిటన్‌లోని పల్లెలలో ఇదే ప్రశ్న మీద రైతులు రెండు పక్షాలుగా చీలి వాదించుకొన్నారు. ఒకరిది ఫెర్గూసన్ పక్షం, మరొకరిది ఫోర్డ్‌సన్ పక్షం. ఫెర్గూసన్ బూడిదరంగు పూసుకొన్న చిన్న బండి; ఫోర్డ్‌సన్ మేజర్ నీలిరంగు పూసుకొన్న పెద్ద బండి. మన చర్చకు ఈ జంటను ఎన్నుకొనడానికి కారణమున్నది. నేడు దుకాణంలో నిలబడి ఉన్న రెండు కొత్త ట్రాక్టర్లలో ఏది ఎక్కువకాలం మన్నుతుందో చెప్పడం జోస్యం. ఫెర్గూసన్ టి.ఇ.20 తయారీ 1956లో ఆగిపోయినది. ఫోర్డ్‌సన్ అనే పేరు 1964తో అంతరించినది. వీటి విషయంలో కాలం తన సాక్ష్యం చెప్పి ముగించినది. మనం దానిని చదువుకొంటే చాలును.

ముందుగా ఫోర్డ్‌సన్ పుట్టుక. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1917లో మొదటి ఫోర్డ్‌సన్‌ను బజారులోనికి విడుదల చేసినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆహారపు కొరత పాలైన బ్రిటన్ వేలసంఖ్యలో ఆ బండ్లను తెప్పించుకొన్నది. ఇంజను, గేరు పెట్టె, వెనుక ఇరుసు పెట్టె, ఈ మూడు పోత ఇనుప భాగాలను ఒకదానికొకటి మరలతో బిగిస్తే అదే బండికి వెన్నెముక అయినది. వేరే చట్రం లేదు. 1922లో దాని వెలను 395 డాలర్లకు దించినారు. 1928లో అమెరికాలో తయారీ ఆగేనాటికి ఏడు లక్షలకు పైగా బండ్లు తయారైనవి. ఆపైన కర్మాగారం ఐర్లండులోని కార్క్ నగరానికి, 1933లో లండన్ సమీపంలోని డాగెన్‌హామ్‌కు మారినది. రెండవ యుద్ధకాలంలో బ్రిటిషు నేలను దున్నిన చక్రాల ట్రాక్టర్లలో అత్యధిక భాగం ఈ డాగెన్‌హామ్ బండ్లే.

అంత పనిచేసిన బండిలో లోపాలు లేవా అంటే చాలా ఉన్నవి. తొలి నమూనాలకు బ్రేకు లేదు. వెనుక చక్రాలకు శక్తిని అందించేది వర్మ్ గేరు. అనగా మరమేకు వంటి ఇరుసు ఒకటి పళ్లచక్రాన్ని రాసుకొంటూ తిప్పుతుంది. ఆ రాపిడికి కొంత శక్తి వేడిగా మారిపోయేది. తోలేవాని ఆసనం కింద కుంపటి పెట్టినట్లుండేది. వీటికంటే దారుణమైనది మరొకటి. వెనుక గొలుసుతో లాగే నాగలి ఏ చెట్టు వేరుకో రాతికో చిక్కుకొన్నదనుకొనండి. చక్రాలు తిరగలేవు, ఇంజను ఊరుకోదు. అప్పుడు బండి ముందుభాగం గాలిలోనికి లేచి, వెనుకకు తిరగబడి తోలేవాని మీద పడేది. ఈ విధంగా పోయిన ప్రాణాలున్నవి.

ఈ లోపమే ఫెర్గూసన్ పుట్టుకకు కారణమైనది. ఉత్తర ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ అనే మెకానిక్కును, 1917లో అక్కడి వ్యవసాయ శాఖవారు ట్రాక్టరు సేద్యాన్ని మెరుగుపరచే పనికి నియోగించినారు. ఊరూరా తిరిగి ఆయన కనుగొన్నదేమంటే, తప్పు ట్రాక్టరుదీ కాదు, నాగలిదీ కాదు, ఆ రెంటినీ కలిపిన తీరుది. గొలుసుతో లాగడం మాని, నాగలిని మూడు కడ్డీలతో ట్రాక్టరుకే అతికించినాడు. రెండు కడ్డీలు కింద లాగుతాయి. మూడవది పైన నిలబడి ఒత్తిడిని తెలుసుకొంటుంది. నేల గట్టిపడి నాగలిమీద భారం పెరిగితే ఆ పై కడ్డీ ఒక స్ప్రింగును నొక్కుతుంది. నూనె ఒత్తిడితో పనిచేసే లిఫ్టు నాగలిని కొద్దిగా ఎత్తుతుంది. నాగలి రాతికి తగిలి నిలిచిపోతే, వెనుక చక్రాలమీది బరువు తేలిపోయి, చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. బండి తిరగబడదు, గేరు పళ్లు విరగవు.

ఫెర్గూసన్, ఫోర్డు 1938లో చేయి కలిపి మాట ఇచ్చి పుచ్చుకొన్నారు. ఫోర్డు కర్మాగారం ఈ పద్ధతిలో ట్రాక్టర్లు చేసినది. తరువాత ఆ పొత్తు చెడినది. వ్యాజ్యం నడిచి, 1952లో ఫెర్గూసన్‌కు తొంబదిరెండున్నర లక్షల డాలర్లు ముట్టినవి. ఆ తగవు మనకు అవసరం లేదు. ఈలోగా 1946 నుండి కోవెంట్రీ నగరంలోని స్టాండర్డ్ మోటారు కంపెనీవారు ఆయనకోసం టి.ఇ.20 బండిని తయారుచేసినారు. పదేండ్లలో ఐదు లక్షలకు పైగా వెలువడినవి. బరువు ఇంచుమించు 1,100 కిలోలు. 1951 చివర వెలువడిన కొత్త ఫోర్డ్‌సన్ మేజర్ బరువు రెండు టన్నులకు పైమాట.

చూడగానే ఎవరికైనా తోచేది ఏమిటి? బరువైనదే గట్టిదని. పోత ఇనుము ఎంత మందంగా ఉంటే అంత మన్నిక అని. ఈ అభిప్రాయం సగం నిజం మాత్రమే. యంత్రానికి చేటు రెండు విధాలుగా వస్తుంది. ఒకటి విరగడం; రెండవది అరగడం. విరగకుండా కాపాడేది కొంతవరకు ఇనుప మందమే గాని, అరగకుండా కాపాడేది అది కాదు. పైగా ఫెర్గూసన్ విరుగుడును ఎదుర్కొన్నది మందంతో గాదు. భారం హద్దు మీరినప్పుడు లొంగి తప్పుకొనే ఏర్పాటుతో. పెద్ద గాలికి మర్రికొమ్మ విరుగుతుంది గాని రెల్లు విరగదు గదా.

ఇక అరుగుదల సంగతి. ఇక్కడ మనం కొంచెం ఓపిక పట్టవలె. పాత ఫోర్డ్‌సన్ ఇంజను నిమిషానికి 1,100 సార్లు తిరిగితే పూర్తి శక్తి ఇచ్చేది. ఫెర్గూసన్ ఇంజను 2,000 సార్లు తిరగవలసి వచ్చేది. గంటకు లెక్క వేసితే మొదటిది 66,000 సార్లు, రెండవది 1,20,000 సార్లు. ఈ లెక్కప్రకారం నిదానంగా తిరిగే ఫోర్డ్‌సన్ రెట్టింపు కాలం మన్నవలె. మన్నలేదు. కారణం ఇంధనంలో ఉన్నది, నూనెలో ఉన్నది, పీల్చే గాలిలో ఉన్నది.

ఆ ఫోర్డ్‌సన్లు నడిచినది ప్రధానంగా కిరసనాయిలు వంటి చవుక ఇంధనంతో. దానితో చల్లని ఇంజను స్టార్టు కాదు. మొదట పెట్రోలు పోసి నడిపి, ఇంజను బాగా కాగిన తరువాత కుళాయి తిప్పి కిరసనాయిలుకు మార్చవలె. రేడియేటరు ముందు తెర దించి వేడిని నిలుపుకొనవలె. తొందరపడి ముందే మార్చినా, బరువు లేకుండా చాలసేపు ఊరక తిరగనిచ్చినా, సరిగా ఆవిరి కాని కిరసనాయిలు సిలిండరు గోడల వెంట జారి, పిస్టను రింగుల సందులనుండి దిగి, అడుగున ఉన్న నూనెలో కలిసేది. గోడలమీది నూనె పొర కడుగుకొనిపోయేది. అడుగున నూనె నీరసించి పలుచనయ్యేది. ఆ పలుచని నూనెనే చక్రం చిమ్మి బేరింగులకు అందించేది. నూనెను ఒత్తిడితో పంపే పంపు ఆ ఇంజనులో లేదు. తొలి ఫోర్డ్‌సన్లలో గాలిని నీటిలోనుండి పంపి దుమ్ము కడిగేవారు. ఆ నీరు ఇంకిపోతే దుమ్ము తిన్నగా సిలిండరులోనికే. ఒకే కర్మాగారంలో ఒకేనాడు పుట్టిన రెండు బండ్లలో ఒకటి ఎన్నో ఏండ్లు పనిచేయడానికీ, రెండవది కొద్ది కాలంలోనే మూలపడడానికీ కారణం తరచుగా ఆ కుళాయి తిప్పిన చేయి. ఫెర్గూసన్‌లోనూ 1949 నుండి కిరసనాయిలు నమూనా ఉన్నది. దానికీ ఈ జబ్బు రాకపోలేదు. అయితే దానిలో నూనె పంపు, వడపోత, నూనెతొట్టి గల గాలిశుద్ధి ఉన్నందువల్ల తోలేవాని అజాగ్రత్తను ఇంకొంత కాలం ఓర్చుకొన్నది.

ఎంత కాపాడినా సిలిండరు ఒకనాటికి అరుగుతుంది. అరిగిన తరువాత ఏమి చేయగలమన్నది అసలు ప్రశ్న. పాత ఫోర్డ్‌సన్‌లో సిలిండర్లు ఇంజను దిమ్మెలోనే తొలిచినవి. అరిగితే దిమ్మెను విప్పి, పట్నంలోని కార్ఖానాకు మోసుకొనిపోయి, తొలిపించి, పెద్ద పిస్టన్లు వేయించవలె. క్రాంకు బేరింగులలో తెల్లలోహం కరిగించి పోసి, గీకి, సరిచేయగల నిపుణుడు కావలె. ఫెర్గూసన్‌లో స్టాండర్డ్ వారి ఇంజనుకు సిలిండరు గోడ వేరే గొట్టం. మన మెకానిక్కులు స్లీవు అనేది అదే. దాని చుట్టూ నీరు తిరుగుతుంది. అరిగితే పాతది ఊడదీసి, కొత్త స్లీవు, పిస్టను, రింగులు వేసుకొంటే ఇంజను మళ్లీ పడుచుదవుతుంది. దిమ్మె బండిమీదనే ఉంటుంది. పని రైతు కొట్టంలోనే జరుగుతుంది. ఈ ఇంజనుకు తోబుట్టువు ట్రయంఫ్ టి.ఆర్.2 అనే పందెపు కారులో ఉండేదంటే శ్రోతలకు వింతగా తోచవచ్చును. పందెపు కారు వారు తమది ట్రాక్టరు ఇంజను అంటే చిన్నబుచ్చుకొనేవారట. రైతులు మాత్రం మురిసిపోయి ఉంటారు.

ఫెర్గూసన్ బండితో ఒక స్పానరు ఇచ్చేవారు. పనిముట్లకు సంబంధించిన మరలన్నీ ఇంచుమించు దానితోనే విప్పవచ్చును. దానిమీద అంగుళాల గీతలు కూడా ఉండేవి, చాలు లోతు కొలుచుకొనడానికి. గేరు కడ్డీని ఒక ప్రత్యేక స్థానానికి జరిపితేగాని ఇంజను స్టార్టు కాదు. గేరులో ఉండగా పొరపాటున బండి దూకే ప్రమాదం లేదు. ఇవి చిన్న సంగతులు. కాని యంత్రాన్ని గీసినవాడు దానిని వాడేవాని చేతులను తలచుకొని గీసినాడా లేదా అన్నది ఇటువంటి చోట్లనే తెలుస్తుంది.

ఇంతవరకు విని నేను ఫెర్గూసన్ పక్షమని అనుకొనకండి. దాని లోపాలు దానికి ఉన్నవి. స్లీవు అడుగున ఉండే ముద్ర చెడితే నీరు నూనెలో దిగి, నూనె మజ్జిగవలె తెల్లబడేది. గేరు పెట్టెకూ, వెనుక ఇరుసుకూ, లిఫ్టుకూ ఒకే నూనె; గేరు పళ్లనుండి రాలిన రజను లిఫ్టు పంపులోనికి పోయి దానిని కొరికేది. డీజిల్ నమూనా చలిలో స్టార్టు కావడానికి మొరాయించేదన్న అపకీర్తి కూడా ఉన్నది. అన్నిటికంటే ముఖ్యంగా, చిన్న బండిచేత పెద్ద బండి పని చేయించినచోట అది త్వరగా అలసిపోయినది. 1951 చివర ఫోర్డు వారు తెచ్చిన కొత్త మేజర్ ఈ సందునే పట్టుకొన్నది. వర్మ్ గేరును 1945 నాటి మేజర్‌లోనే విడిచిపెట్టినారు. ఇప్పుడు సరికొత్తగా 3.6 లీటర్ల డీజిల్ ఇంజను పెట్టినారు. సుమారు 40 అశ్వశక్తి, సులభంగా స్టార్టయ్యేది, బరువు పనిలో రోజంతా నిలకడగా నడిచేది. కిరసనాయిలు జబ్బు దానితో తీరిపోయినది. నా అభిప్రాయం అడిగితే, పాత ఫోర్డ్‌సన్‌కంటే ఫెర్గూసన్ నిస్సందేహంగా మన్నికగలది. ఎడతెగని బరువు పనికి మాత్రం ఫెర్గూసన్‌కంటే కొత్త మేజర్ డీజిల్ మేలు. అంటే ఫోర్డ్‌సన్ అన్న ఒక్క పేరు కిందనే ఓడిన బండీ ఉన్నది, గెలిచిన బండీ ఉన్నది. పేరు అడిగి కొనేవానికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఫెర్గూసన్ పక్షంవారు తప్పక ఎత్తే సంగతి ఒకటి ఉన్నది. ఎవరెస్టు నెక్కిన ఎడ్మండ్ హిల్లరీ బృందం, చక్రాలకు పట్టాలు తొడిగిన మూడు ఫెర్గూసన్ ట్రాక్టర్లతో మంచు ఎడారిని దాటి, 1958 జనవరి 4వ తేదీన దక్షిణ ధ్రువాన్ని చేరుకొన్నది. వాహనంపై నేలదారిన అక్కడకు చేరినవారిలో వారే ప్రథములు. ఘనకార్యమే. కాని మన్నికకు దీనిని రుజువుగా చూపడం నాకు సమ్మతం కాదు. అక్కడ దుమ్ము లేదు. వెంట మరమ్మతు తెలిసిన ఇంజనీరు ఉన్నాడు. ప్రయాణం మూడు నెలలలోపే ముగిసినది. అది చెప్పేదల్లా, కష్టసమయంలో విప్పి బిగించుకొనడానికి వీలైన బండి అని.

అట్లే పాతబండ్ల ప్రదర్శనలలో నేటికీ ఫెర్గూసన్లు బారులు తీరి కనబడుతున్నవి గనుక అవే గట్టివనే వాదం ఉన్నది. ఇదీ చెల్లదు. అవి లక్షలలో పుట్టినవి. చిన్నవి గనుక ముసలితనంలో కూడా తోటపనికో గడ్డిమోతకో పనికివచ్చి మిగిలినవి. బరువైన బండి మూలపడితే పాతఇనుముగా మంచి ధర పలికేది, కరిగించివేసినారు. మిగిలినవాటిని మాత్రమే లెక్కపెట్టి, పోయినవాటిని లెక్కలో వదలివేస్తే నిజం బయటపడదు.

మరి కొనేముందే బలాబలాలు తెలుసుకొనే ఏర్పాటు లేదా అంటే, అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంవారు ఒకటి చేసినారు. విల్మట్ క్రోజియర్ అనే రైతు, గొప్ప ప్రకటనలు చూసి నాసిరకపు ట్రాక్టర్లు కొని నష్టపోయినాడు. శాసనసభ్యుడైన తరువాత 1919లో ఒక చట్టం తెచ్చినాడు. రాష్ట్రంలో అమ్మదలచిన ప్రతి ట్రాక్టరు నమూనానూ విశ్వవిద్యాలయంలో పరీక్షించి, ప్రకటించిన శక్తి నిజంగా ఉన్నదో లేదో తేల్చవలెనని దాని సారాంశం. 1920లో పరీక్షలు మొదలైనవి. ఆ చట్టంలో నాకు మిక్కిలి నచ్చిన నిబంధన మరొకటి: అమ్మే కంపెనీ విడిభాగాలను ఆ రాష్ట్రంలోనే నిలువ ఉంచవలె. విడిభాగం దొరకని బండి ఎంత గట్టిదైనా ఒక్క బేరింగు పోగానే పాతఇనుమే అని ఆ రైతుకు అనుభవంవల్ల తెలుసు. మన దేశంలోనూ మధ్యప్రదేశ్‌లోని బుదనీ కేంద్రంలో ట్రాక్టర్లను పరీక్షించి, విప్పి, భాగాల అరుగుదలను కొలిచి నివేదికలు వెలువరిస్తారు. కొనేముందు వీటిని అడిగి చూచేవారు అరుదు.

ఈ రెండు వంశాలూ మన పొలాలకు వచ్చినవే. మద్రాసులో 1960లో స్థాపించిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను తయారుచేసినది. 1970ల ఆరంభంలో ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ వారు ఫోర్డు కంపెనీతో కలిసి ఫోర్డు 3000ను తయారుచేసినారు. వీటికి బ్రిటిషు నేలలో ఎదురుకాని పరీక్ష ఒకటి ఇక్కడ ఎదురైనది, అదే దమ్ము. ఇనుపచక్రాలు కట్టి, ఇరుసుదాకా బురదలో దింపి, రోజుల తరబడి తిప్పితే, ఇరుసు చివర ఉండే రబ్బరు ముద్రల సందున బురదనీరు లోపలికి పోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో తిరిగిన బండికి వెనుక ఇరుసు, బ్రేకులు, ముందు చక్రాల బేరింగులు ముందు పోతాయి. అనంతపురం వంటి మెట్టసీమలో ఎర్రదుమ్ములో తిరిగిన బండికి ఇంజను ముందు పోతుంది. కనుక బండి ఏ కంపెనీది అని అడగడానికి ముందు ఏ నేలలో తిరిగినదని అడగండి.

తరువాత బండి పళ్లు చూడండి. గాలిశుద్ధి తొట్టిని విప్పి అందులోని నూనె చూడండి; అడుగున బురద గడ్డకట్టి ఉంటే ఆ ఇంజను ఎన్నాళ్లుగా దుమ్ము తింటున్నదో ఊహించుకొనవచ్చును. ఇంజను నూనెను కొలకడ్డీతో తీసి, తెల్లగా ఉన్నదేమో చూడండి. గేరు పెట్టె అడుగు మరను కొద్దిగా వదులుచేస్తే నూనెకంటే ముందు నీరు కారుతున్నదేమో తెలుస్తుంది. నాగలిని లిఫ్టుతో పైకెత్తి ఇంజను ఆపించండి. అది కొంతసేపు నిలువక వెంటనే కిందికి దిగిపోతే లోపల అరుగుదల ఉన్నదన్నమాట. ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి రెండు చేతులతో ఊపండి. స్లీవులు, రింగులు మీ ఊరికి సమీప పట్నంలో దొరుకుతాయో లేదో అమ్మేవానిని గాక, అక్కడి విడిభాగాల దుకాణాన్నే అడగండి.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని మరొకటి. బండి దగ్గరకు పోగానే మాటలలో దిగక, ఇంజను దిమ్మెమీద అరచేయి ఆనించి చూడండి. చల్లగా ఉంటే మీ ఎదుటనే స్టార్టు చేయించి, మొదటి పొగ రంగు చూడండి. వెచ్చగా ఉన్నదా, మీరు రాకముందే దానిని నడిపి సిద్ధం చేసి ఉంచినారన్నమాట. ఆనాటికి బేరం మాట ఎత్తక, మరునాడు తెల్లవారకముందే వస్తామని చెప్పి రండి.